పరుల ఇచ్ఛను పదిలముగా తరలించుట

(చందాదారుల డేటాబేస్‌ను పాత సాఫ్ట్‌వేర్ నుండి కొత్తదానికి మార్చువారి కొఱకు)

మనుస్మృతి వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, వానిలో ఋణాదానమును ప్రథమమునను, నిక్షేపమును ద్వితీయమునను నిలిపినది. ఒకడు మనలను నమ్మి, దాచుమని చేతికిచ్చిన వస్తువు నిక్షేపము. దానిని అనుభవించు హక్కు గాని, మన అభిరుచికి తగినట్లు మార్చు హక్కు గాని మనకు లేదు. ఇచ్చినది ఇచ్చినట్లు కాపాడు బాధ్యత మాత్రమే కలదు. ఒక మెయిలింగ్ లిస్టు నిర్వాహకుని అధీనమునందుండు చందాదారుల డేటాబేస్ ఇట్టి నిక్షేపమే యనియు, దానిని ఒక వెర్షన్ నుండి మరియొక వెర్షన్‌కు తరలించు కార్యము పైకి కేవలము యంత్రసంబంధమైనదిగా తోచినను, నిజమునకు నిర్వాహకుని శీలమును పరీక్షించు కార్యమనియు ఈ అధ్యాయమున నిరూపింపబూనుచున్నాను.

ఆ డేటాబేస్‌లో దాచబడినవి ఈ-మెయిల్ చిరునామాలు మాత్రమేయని భావించుట సకల దోషములకును మూలము. ప్రతి చిరునామా వెంటను ఒక ఇచ్ఛ కలదు. ఒకరు ప్రతి లేఖయు వచ్చినది వచ్చినట్లే కావలెనన్నారు. ఒకరు లేఖలన్నిటిని కూర్చి డైజెస్టుగా పంపుడన్నారు. వేరొకరు పరీక్షలు ముగియువరకు ఏమియు పంపవలదని నిలిపివేసి, సభ్యత్వమును మాత్రము వదలుకొనలేదు. మరియొకరు తమ పేరు తోడి సభ్యులకు కనబడరాదన్నారు. ఇంకొకరు విసిగి వెడలిపోయినారు. చిరునామాలను తరలించుట అల్పశ్రమతో ముగియు పని. ఈ ఇచ్ఛలను తరలించుటయందే మన ఓర్పునకును, సూక్ష్మదృష్టికిని పని యున్నది.

పాత నిర్మాణము, కొత్త నిర్మాణము

సామాన్యోక్తులతో తృప్తిపడక ఒక వాస్తవోదాహరణమును స్వీకరింతము. గ్నూ మెయిల్‌మ్యాన్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచమందలి విశ్వవిద్యాలయములకు, పరిశోధనసంస్థలకు, స్వచ్ఛంద సమాజములకు చిరకాలముగా ఉపకరించుచున్నది. దాని 2.1 వెర్షన్ 2002వ సంవత్సరాంతమున వెలువడినది, 3.0 వెర్షన్ 2015 ఏప్రిల్‌లో వచ్చినది. ఈ మూడవ వెర్షన్ రెండవదానికి చేసిన మరమ్మతు కాదు. పునాది నుండి తిరిగి వ్రాయబడిన వేరొక నిర్మాణము. కావున పాతదానిపై కొత్తదానిని పరచి, ఒక్క మీట నొక్కి లేచుటకు వీలులేదు. పాత వెర్షన్ ఆశ్రయించియున్న పైథాన్ 2 భాషకు 2020 జనవరి 1వ తేదీతో అధికారిక పోషణ ముగియుటచేత, ఉన్నది చక్కగా నడచుచున్నది గదా యని కాలయాపనము చేసినవారికి గూడ ప్రయాణము తప్పనిదైనది. వికీమీడియా ఫౌండేషన్ తన మెయిలింగ్ లిస్టులను 2021లో ఈ మార్గముననే రెండవ వెర్షన్ నుండి మూడవదానికి చేర్చినది.

పాత మెయిల్‌మ్యాన్‌లో ప్రతి లిస్టునకును ఒక డైరెక్టరీ, దానియందు కాన్ఫిగ్.పీసీకే అను ఒక ఫైలు ఉండును. పైథాన్ భాషలో పికిల్ అనబడు పద్ధతిని భద్రపరుపబడిన ఆ ఒక్క ఫైలులోనే లిస్టు అమరికలు, సభ్యుల చిరునామాలు, పాస్‌వర్డులు, ఇష్టానిష్టములు అన్నియు కలసియుండును. ఒకే వ్యక్తి అయిదు లిస్టులలో చేరినచో అయిదు ఫైళ్లలో అయిదుగురుగా పరిగణింపబడును. అయిదు పాస్‌వర్డులు కలిగియుండును. ఆ పాస్‌వర్డులు ఏ మరుగును లేక సాదా అక్షరములలోనే నిలువయుండుటచేత, నెల మొదట వానిని జ్ఞాపకము చేయుచు సభ్యులకు లేఖలు పంపుట దానికి సాధ్యమయ్యెడిది.

కొత్త వెర్షన్‌లో సభ్యసమాచారము ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ వంటి రిలేషనల్ డేటాబేస్‌లో వేర్వేరు పట్టికలుగా విభక్తమైయుండును. వ్యక్తి యొకడు, అతని చిరునామాలు పెక్కు, ఒక్కొక్క లిస్టుతో అతని సంబంధము వేఱు అను వివేకము ఆ నిర్మాణమున కలదు. ఇష్టములు గూడ అందు మెట్లు మెట్లుగా అమరియుండును: ఈ సభ్యత్వమునకు మాత్రమే చెల్లునవి కొన్ని, ఈ చిరునామాకంతకును చెల్లునవి కొన్ని, ఆ వ్యక్తికి సర్వత్ర చెల్లునవి కొన్ని. అయిదు రికార్డులుగా చెదరియున్న మనిషిని ఒక్కనిగా కూర్చునపుడు, అతడు ఒక లిస్టులో డైజెస్టును, వేరొకదానిలో నిలుపుదలను కోరియున్నచో, ఆ రెండు కోరికలును ఆయా సభ్యత్వములను అంటియే నిలువవలెను. ఒకదానిని చూచి మరియొకదానిని ఊహించి సవరించుట మన అధికారములోనిది కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పికిల్ ఫైలును తెరచుటయనగా అందు దాగియుండదగిన ఆజ్ఞలు నడచుటకు అవకాశమిచ్చుటయే. మన సొంత సర్వర్ నుండి గాక, మూలము తెలియని చోటి నుండి వచ్చిన అట్టి ఫైలును ఎన్నడును దిగుమతి చేసికొనరాదు.

మొత్తము సరిపోయిన మాత్రాన చాలదు

తొందరపాటు గల నిర్వాహకుడు సాధారణముగా ఎన్నుకొను అడ్డదారి యొకటి కలదు. పాత వెర్షన్‌లోని లిస్ట్_మెంబర్స్ అను ఆదేశముతో చిరునామాలన్నిటిని ఒక టెక్స్ట్ ఫైలుగా వెలికితీసి, దానిని కొత్త వెర్షన్‌లోని సామూహిక చేర్పు పేజీయందు అతికించి, పని ముగిసినదని చేతులు దులుపుకొనును. సంఖ్య సరిపోవును, తెరపై దోషమేదియు కనబడదు. కాని ఏ ఎంపికయు చేర్పక నడపిన ఆ ఆదేశము, లేఖలు అందుకొనుచున్నవారిని, వలదని నిలిపినవారిని ఏ భేదమును చూపక ఒకే వరుసలో నిలుపును. ఆ ఫైలు నుండి పుట్టిన కొత్త సభ్యులందరును లేఖలు కోరువారే యగుదురు.

పాత మెయిల్‌మ్యాన్ ఈ విషయమున ఎంత శ్రద్ధ వహించినదో గమనింపుడు. ఒక సభ్యునికి లేఖలు నిలిచియున్నచో, ఆ నిలుపుదలకు కారణమును గూడ అది వ్రాసియుంచును: సభ్యుడు తానే నిలుపుకొనుట యొకటి, నిర్వాహకుడు నిలుపుట యొకటి, పంపిన లేఖలు పదే పదే బౌన్స్ అగుటచేత, అనగా చేరక తిరిగివచ్చుటచేత, సాఫ్ట్‌వేరే నిలుపుట యొకటి. ఇవి గాక ప్రశ్నార్థక చిహ్నముతో చూపబడు నాల్గవ వర్గము కూడ కలదు. కారణము తెలియని నిలుపుదలలు, అనగా అంతకు పూర్వపు వెర్షన్లలో నిలుపబడి, కారణము నమోదు కాకయే ఇచ్చటికి చేరినవి, ఆ వర్గమున పడును. ఒకప్పుడు వ్రాయబడని ఇచ్ఛ తరువాతి వెర్షన్‌లో ఎట్లు శాశ్వత సందేహమై మిగులునో ఆ ఒక్క చిహ్నము చాటుచున్నది.

ఒక లిస్టునందు వేయిమంది సభ్యులున్నారనుకొందము. అందు 900 మందికి లేఖలు నడచుచున్నవి. 60 మంది తామే నిలుపుకొన్నారు. 10 మందిని నిర్వాహకుడు నిలిపినాడు. 30 చిరునామాలు బౌన్స్ వలన నిలిచినవి. అడ్డదారిన వచ్చిన కొత్త లిస్టులో గూడ వేయిమందియే యుందురు. కాని వేయిమందికిని లేఖలు నడచును. అరువది మంది కోరిక భగ్నమైనది; పది నిర్ణయములు రద్దయినవి; ముప్పది నిర్జీవ చిరునామాలకు లేఖలు మరల బయలుదేరినవి. కూడిక నిర్దుష్టముగా నున్నను వలస విఫలమైనది. కావున లెక్క చూచునపుడు మొత్తమును గాక వర్గములను సరిచూడవలెను: సాధారణ సభ్యులెందరు, డైజెస్టువారెందరు, ఒక్కొక్క కారణమున నిలిచినవారెందరు, మోడరేషన్ గుర్తు గలవారెందరు, పేరు దాచుకొన్నవారెందరు, యజమానులు, మోడరేటర్లు, నిషిద్ధులు ఎందరు. ఈ అంకెలను తరలింపునకు ముందు ఒక కాగితముపై వ్రాసి, తరువాత దాని ప్రక్కనే కొత్త అంకెలను వ్రాయుడు. రెండు నిలువు వరుసలు ప్రతి పంక్తియందును ఏకీభవించువరకు మీ పని ముగియలేదు.

ఇచ్ఛలతో కూడ తరలించుటకు మూడవ వెర్షన్‌లో ఇంపోర్ట్21 అను ప్రత్యేకాదేశము కలదు. మొదట కొత్తచోట అదే పేరుతో రిక్త లిస్టును సృష్టించి, తరువాత పాత కాన్ఫిగ్.పీసీకే ఫైలును ఈ ఆదేశమున కందించినచో, అది అమరికలను, సభ్యులను, వారి వారి ఎంపికలను చదివికొని కొత్త పట్టికలలో నింపును. అయినను అది సర్వమును తరలించునని భ్రమపడరాదు. మోడరేటరు నిర్ణయము కొఱకు వేచియున్న లేఖలు, సభ్యత్వపు విన్నపములు వేరొక ఫైలులో నుండుటచేత దానివెంట రావు. వానిని ముందుగనే పరిష్కరింపవలెను. పోస్టోరియస్ అను కొత్త వెబ్ ముఖమున పాత పాస్‌వర్డులతో ప్రవేశింప వీలుపడదు. సభ్యుడు అదే చిరునామాతో కొత్తగా ఖాతా తెరచి, ఆ చిరునామా తనదేయని ధ్రువపరచుకొనినచో, తన సభ్యత్వములన్నియు అచ్చట ఒక్కచోట కనబడును. ఈ మాటను సభ్యులకు ముందే చెప్పుట మర్యాద; చెప్పకున్నచో అది ఫిర్యాదుల రూపమున మనకే తిరిగివచ్చును.

వెడలిపోయినవారి సంగతి

పాత మెయిల్‌మ్యాన్‌లో ఒక సభ్యుడు చందా మానుకొనినచో అతని పేరు ఫైలు నుండి తొలగిపోవును. తొలగిన వార్త లాగ్ ఫైలునందు ఒక పంక్తిగా మాత్రము మిగులును. అనగా వెడలిపోయినవాని ఇచ్ఛకు డేటాబేస్‌లో గల ఏకైక సాక్ష్యము అతని అభావమే. ఇందుండి ఒక గొప్ప ప్రమాదము పుట్టుచున్నది. అభ్యాసము కొఱకు మూడు వారముల క్రిందట తీసిన ప్రతిని, సమయము కలిసివచ్చునని తుది తరలింపునకు వాడుకొనినచో, ఆ మూడు వారములలో వెడలిపోయినవారందరును మరల సభ్యులగుదురు. వారికి తెలియకయే, వారి అనుమతి లేకయే, వలదన్న లేఖ వారి పెట్టెలో పడును. పాత బ్యాకప్ నుండి లిస్టును పునరుద్ధరించునపుడు గూడ ఈ ప్రమాదమే కలదు. కావున తుది ప్రతిని తరలింపు నాడే, కొత్త చేర్పులను తొలగింపులను ఆపిన పిమ్మటనే తీయవలెను. ఏ కారణముననైనను పాత ప్రతిని వాడక తప్పకున్నచో, లాగ్ ఫైలులోని తొలగింపులను వెదకి, ఒక్కొక్కటిగా మరల అమలుపరుపవలెను.

ఈ శ్రద్ధ ధర్మచింతనకు మాత్రమే పరిమితమైనది కాదు. భారతదేశమున 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, సమ్మతిని ఉపసంహరించుకొనుట సమ్మతినిచ్చుటయంత సులభముగా నుండవలెనని విధించినది. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, తన ఖాతాలకు దినమునకు 5,000 లేఖలకు మించి పంపువారు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను ధ్రువీకరణములను పాటింపవలెననియు, ప్రచారలేఖలయందు ఒక్క నొక్కుతో చందా మానుకొను సదుపాయము కల్పింపవలెననియు, స్పామ్ ఫిర్యాదుల శాతమును 0.3కు లోబడియుంచవలెననియు కట్టడి చేసినది. వలదన్నవారికి లేఖ పంపిన సర్వర్‌పై ఫిర్యాదుల గుర్తు పడును. ఆ గుర్తు వలన, కావలెనన్నవారి లేఖలు గూడ స్పామ్ పెట్టెలో కూలబడును. ఒకరి నిరాకరణమును మన్నింపకుండుటచేత వేరొకరి అంగీకారము గూడ వ్యర్థమగుచున్నది.

అభ్యాసము, సంయమము

ఏ వలసయైనను మొదటిసారి నిజముగా జరుగరాదు. పాత ఫైళ్ల ప్రతులను వేరొక పరీక్షా సర్వర్‌పై నుంచి, అచ్చట ఆద్యంతము నడపి చూడవలెను. ఆ సర్వర్ నుండి బయటికి ఒక్క లేఖయు పోకుండ ముందే మార్గమును మూసివేయుడు. మూయక మరచినచో, స్వాగతలేఖలు వేలకొలది చందాదారులను చేరి, అభ్యాసమే అల్లరి యగును. కొత్త లిస్టు అమరికలలో స్వాగతలేఖలను పంపు గుర్తును గూడ తాత్కాలికముగా తీసివేయుట వివేకము.

అభ్యాసమున తెలుగువారు ప్రత్యేకముగా పరీక్షింపవలసినది అక్షరముల సంగతి. 'శ్రీ' అను ఒక్క అక్షరము యూనికోడ్‌లో నాలుగు సంకేతముల కూడిక. యూటీఎఫ్-8 పద్ధతిని ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్ల చొప్పున అది పండ్రెండు బైట్ల స్థలము నాక్రమించును. పాత ఫైలులో ఒక సంకేతపద్ధతిని వ్రాయబడిన పేరును కొత్త సాఫ్ట్‌వేర్ లాటిన్ లిపియని పొరబడి చదివినచో, ఒక్కొక్క సంకేతము స్థానమున మూడేసి విజాతీయ చిహ్నములు వెలయును. అట్లు చెడిన పేరు మరల భద్రపరుపబడినచో మూలము అంతరించును. మైఎస్‌క్యూఎల్ వాడువారు యూటీఎఫ్8ఎంబీ4 అను అక్షరసముదాయమునే ఎన్నుకొనవలెను. ఆ డేటాబేస్‌లో చిరకాలము యూటీఎఫ్8 అని పిలువబడినది మూడు బైట్లకు మించిన సంకేతములను స్వీకరింపదు, కావున తెలుగు లిపికి చాలినను, పేరు ప్రక్కన ఎవరేని చేర్చిన ఎమోజీ వద్ద తడబడును. పరీక్షకై తెలుగు పేరొకటి, ఫ్రెంచి వంటి స్వరచిహ్నములు గల పేరొకటి, పెద్ద చిన్న ఆంగ్లాక్షరములు కలసిన చిరునామా యొకటి ఎన్నుకొని, వాని గతిని ఆద్యంతము కనిపెట్టుడు.

అభ్యాసకాలమున మనకొక ప్రలోభము కలుగును. ఎట్లును తరలించుచున్నాము గదా, మృత చిరునామాలను ఏరివేయుదము, లిస్టుల పేర్లను అందముగా మార్చుదము, రెండు చిన్న లిస్టులను ఒకటిగా కలుపుదము అని మనస్సు ఉవ్విళ్లూరును. ఈ ఉత్సాహమును అణచుకొనుడు. తరలింపును, సంస్కరణమును ఏకకాలమున చేసినవానికి, అంకెలు తేడాపడినపుడు ఆ తేడా తన సంస్కరణము వలననో, తరలింపు దోషము వలననో తెలిసికొను మార్గముండదు. సంస్కరింపదలచినచో తరలింపునకు నెల ముందో, నెల తరువాతనో చేయుడు.

తరలింపు నాడు

ఆనాటి కార్యక్రమమును ముందే వ్రాసియుంచుకొని, వ్రాసిన క్రమమున నడువవలెను. సభ్యులకు ప్రకటన వారము ముందే వెళ్లియుండవలెను. ప్రథమమున పాత సర్వర్‌పై కొత్త లేఖల స్వీకారమును, వెబ్ పేజీలను ఆపుడు. వరుసలో నున్న లేఖలన్నియు బయటికి పోవువరకు వేచియుండుడు. పిమ్మట తుది ప్రతిని తీసి, కొత్త సర్వర్‌కు చేర్చి, ఇంపోర్ట్21ను నడపి, ముందు వ్రాసికొన్న కాగితమును తెరచి వర్గవర్గముగా సరిచూడుడు. సరిపోయినచో మొదట నిర్వాహకులు మాత్రమే సభ్యులైన ఒక చిన్న లిస్టుకు లేఖ పంపి, అది చేరుటయు, దానికి ప్రత్యుత్తరము వచ్చుటయు చూచి, తరువాత ద్వారములు తెరువుడు.

ఈ విరామమున వచ్చు లేఖలు పోవునేమో యని ఆందోళనపడి తొందరపడ నక్కరలేదు. స్వీకరించు సర్వర్ అందుబాటులో లేనిచో పంపు సర్వర్ లేఖను దాచియుంచి మరల మరల ప్రయత్నింపవలెననియు, సాధారణముగా నాలుగైదు దినములైనను ఆ ప్రయత్నమును విడువరాదనియు ఈ-మెయిల్ ప్రమాణము నిర్దేశించుచున్నది. కొన్ని గంటల మౌనమును ఆ వ్యవస్థ సహించును. తప్పుగా పంపిన లేఖను వెనుకకు తీసికొను ఉపాయము మాత్రము దానియందు లేదు. సందేహము కలిగినపుడెల్ల ఆపుటయే మేలు.

పాత లేఖల భాండారమును హైపర్‌కిట్టీ అను భాగములోనికి ఎంబాక్స్ ఫైళ్ల నుండి దిగుమతి చేసికొనవచ్చును. అది సభ్యసమాచారముతో సంబంధము లేని వేరొక పని; తరువాత తీరికగా చేసినను హాని లేదు. పాత వెబ్ పుటలను మాత్రము యథాతథముగా నిలిపియుంచినచో, ఇతరులు తమ రచనలలో ఇచ్చిన లంకెలు చెడవు.

తుది కర్తవ్యము

తరలింపు సఫలమైన పిదప పాత ఫైళ్లను ఎన్‌క్రిప్టు చేసి తాళము వేసినట్లు భద్రపరచి, వెనుకకు మరలు అవసరము రాదని రూఢియైన పిమ్మట, ముందే నిశ్చయించుకొన్న తేదీన తుడిచివేయుడు. సాదా అక్షరములలో పాస్‌వర్డులు గల ఫైలును స్మారకచిహ్నముగా దాచుకొనుట అనుచితము. ఆ పాస్‌వర్డునే వేరొక చోట గూడ వాడుకొను సభ్యుడు ఒక్కడున్నను చాలును, మన అలక్ష్యము అతనికి నష్టమై పరిణమించుటకు. పరీక్షా సర్వర్‌పై మిగిలిన ప్రతులను, దారిలో సృష్టించిన టెక్స్ట్ ఫైళ్లను, మన సొంత లాప్‌టాప్‌లోనికి దింపుకొన్న పట్టికలను గూడ వెదకి తొలగింపవలెను.

ఇట్టి పని చేసినవానికి ప్రశంస లభింపదు. సక్రమముగా జరిగిన తరలింపు ఎవరికిని కనబడదు. ప్రశంసను కోరక, కనబడని వారి మాటను కనబడువారి మాటవలెనే మన్నించు అలవాటు ఏ వృత్తియందైనను మనిషిని నమ్మదగినవానిగా చేయును. మీ వలస నెగ్గినదో లేదో కొత్త సర్వర్ వేగమును బట్టి గాని, పేజీల సొగసును బట్టి గాని నిర్ణయింపకుడు. వలదని వెడలిపోయిన వారిలో ఒక్కరికైనను మీ వద్ద నుండి మరల లేఖ వెళ్లినదా యని విచారింపుడు. వెళ్లలేదని అంకెలు సాక్ష్యమిచ్చిననాడే పని ముగిసినదని ప్రకటింపుడు.